లిఫ్టులో కొత్త రూలు

లిఫ్టు ఏడో అంతస్తు దగ్గర ఆగి నలభై నిమిషాలైంది. అపార్ట్‌మెంటులో కొత్త రూలు వచ్చిన ప్రతిసారీ లిఫ్టు తన ప్రోగ్రాములన్నీ మొదటినుంచి కంపైల్ చేసుకుంటుంది, అంటే మళ్లీ పేర్చుకుని సిద్ధం చేసుకుంటుంది. అది పూర్తయ్యేదాకా తలుపు తీయదు. ఇవాళ మెమరీ నిండిపోయి మూడుసార్లు మొదటికొచ్చింది.

సువర్చల ఉద్యోగమే ఇలాంటివి బాగుచేయడం. ఫోనులో కారణం వెతుకుతోంది. ఆమె ఇంట్లో పనిచేసే సన్యాసమ్మ పక్కనే నిలబడింది. పనివాళ్లు ఎక్కే సర్వీసు లిఫ్టు చెడిపోతే సువర్చలే వెంట ఎక్కించుకుంది.

"మనవరాలు బడి బస్సు దిగే ఏళయిందమ్మా. రోడ్డు కాడ ఎవులూ లేరు."

"ఒక్క రూలే మెమరీ అంతా తినేస్తోంది సన్యాసమ్మా. పనివాళ్లు ఎక్కితే ప్రతి ఫ్లాటునూ అనుమతి అడగాలట. ఒక్కో పనిమనిషికి రెండువందల పది ఫ్లాట్లకీ విడివిడిగా ఆ రూలు కాపీలు తయారవుతున్నాయి."

"తీసెయ్యండి మరి."

"పెట్టినవాళ్లే తీయాలి."

"ఏ మారాజు ఎట్టేడో, ఆడికి ఫోను సెయ్యండమ్మా!"

సువర్చల ఫోను తనవైపు తిప్పుకుని ఒకచోట నొక్కింది. లిఫ్టు మాట్లాడింది.

"సువర్చల గారూ, ఆదివారం మీటింగులో మీరు పెట్టిన రూలు తీసేయమంటారా? గట్టిగా చెప్పండి."



"సెప్పండమ్మా," అంది సన్యాసమ్మ, తలుపు వైపే చూస్తూ. "పిల్ల దిగిపోతాది."