ట్రిప్పుకు నలుగురు

రవాణా ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తరం చదవడం పూర్తిచేసి ఫార్కర్ కళ్ళజోడు తీశాడు.

అతను గ్లెన్ టారిన్ ఊరి కౌన్సిల్‌కు అధ్యక్షుడు. అప్పటిదాకా రోడ్డు మీద గుంతల గురించీ, గొర్రెల దొడ్డి గేటు తీసి వదిలేసే టూరిస్టుల గురించీ జోరుగా వాదించుకుంటున్న సభ్యులంతా ఒక్కసారిగా చల్లబడ్డారు.

కిర్క్‌అలన్ పట్నానికి బస్సు రోజుకు నాలుగు ట్రిప్పులు తిరుగుతుంది. రెండు పోవడం, రెండు రావడం. జనవరి నుంచి మూడు నెలలు లెక్క తీస్తారట. ట్రిప్పుకు సగటున నలుగురు ఎక్కకపోతే ఏప్రిల్ తర్వాత బస్సు ఉండదట.

ఇప్పుడెంతమంది ఎక్కుతున్నారని ఎవరో అడిగారు.

"ముగ్గురు" అంది ఇష్బెల్.

స్కూల్లో పిల్లలకు వండిపెట్టి రిటైరైన మనిషి ఇష్బెల్. పదకొండేళ్ళుగా కౌన్సిల్ కార్యదర్శి. రాతకోతలన్నీ ఆమెవే.

వెనక, ఊరిజనం కూర్చునే వరసలో ఒక చెయ్యి లేచింది. మిస్ యూనా క్రైటన్. ఎక్కడో దక్షిణం వైపు నుంచి వచ్చి, ఆ వేసవిలోనే వంతెన పక్క ఇంట్లో దిగిన పెద్దావిడ. ఊళ్ళో ఎవరికీ ఏమీ కాదు.

"ముసలివాళ్ళ ఉచిత కార్డు మీద ఎక్కినవాళ్ళు కూడా లెక్కలోకి వస్తారా?"

"వస్తారమ్మా. కార్డు మెషిన్ మీద పెడితే చాలు, ఒక మనిషి కింద లెక్కే" అన్నాడు ఫార్కర్.

ఆవిడ తలూపి కూర్చుంది. మీటింగయ్యాక అందరి టీ కప్పులూ కడిగిపెట్టి వెళ్ళింది.

ఇష్బెల్ ఆ వారమే ఉత్తరాలు మొదలుపెట్టింది. ఆస్పత్రికి వెళ్ళాల్సిన ముసలివాళ్ళ అవస్థ, కారు నడపలేనివాళ్ళ అవస్థ అన్నీ వివరిస్తూ, తెలిసిన ప్రతి అధికారికీ రాసింది.

జనవరి వచ్చింది. మిస్ క్రైటన్ సంగతి ఊరంతా గమనించింది.

పొద్దున్నే బస్సెక్కుతుంది. మధ్యాహ్నానికి తిరిగొస్తుంది. ఇంట్లో ఇంత సూప్ తాగి మళ్ళీ బస్సెక్కుతుంది. బస్సు తిరగని ఆదివారం తప్ప ప్రతిరోజూ ఇదే వరస. మంచు కురుస్తున్నా, చేతిలో అల్లిక సంచీతో స్టాపులో నిలబడే ఉంటుంది.

పట్నంలో ఆవిడకు ఎవరో ఉన్నారనీ, పొద్దునొకరు సాయంత్రమొకరు కాబోలనీ ఫార్కర్ కొట్లో హాస్యమాడితే ఇష్బెల్ కూడా నవ్వింది.

ఫిబ్రవరిలో కౌన్సిల్లో ఒక ఖాళీ వచ్చింది. మిస్ క్రైటన్ తన పేరు ఇచ్చింది.

"ఏమీ అనుకోకండి మిస్ క్రైటన్" అంది ఇష్బెల్. "రోజంతా పట్నంలో గడిపే మనిషికి ఊరి కష్టం ఏం తెలుస్తుంది?"

"అదీ నిజమే" అందావిడ.

ఆ సాయంత్రం కూడా కప్పులు ఆవిడే కడిగింది.

ఏప్రిల్‌లో కబురొచ్చింది. సగటు నాలుగు పాయింట్ ఒకటి. బస్సు ఉంటుంది.

హాలంతా చప్పట్లు. ఎవరో కేకు తెచ్చారు. ఫార్కర్ ఇష్బెల్ చేతిలో డాఫొడిల్ పూల గుత్తి పెట్టి, ఆమె ఉత్తరాల వల్లే బస్సు నిలిచిందని మినిట్స్‌లో రాయమన్నాడు. తన గురించి తనే రాసుకోవడానికి కాస్త సిగ్గుపడుతూనే ఆమె గుండ్రటి అక్షరాలతో రాసుకుంది. అందరికంటే ఎక్కువసేపు చప్పట్లు కొట్టింది మిస్ క్రైటన్.

మే నెలలో ఒక తెల్లవారుజామున ఆవిడ నిద్రలోనే పోయింది.

మర్యాద కోసం ఇష్బెల్ చర్చికి వెళ్ళింది. వచ్చింది ఏడెనిమిదిమంది. వాళ్ళలో బస్సు డ్రైవరు డూగల్, యూనిఫారంలోనే, కళ్ళు తుడుచుకుంటూ కనిపించాడు.

బయటికొచ్చాక ఇష్బెల్ అతన్ని ఆపింది.

"ఇంతకీ పట్నంలో ఆవిడ ఎక్కడికి వెళ్ళేది డూగల్?"

"ఎక్కడికీ వెళ్ళేది కాదండీ. అసలు దిగేదే కాదు. అక్కడ ఆగే గంటసేపూ సీట్లోనే కూర్చుని అల్లుకునేది. మళ్ళీ కార్డు పెట్టి ఇదే బస్సులో వెనక్కి వచ్చేసేది."

ఇష్బెల్ అక్కడే నిలబడిపోయింది. రోజుకు నాలుగు ట్రిప్పులు. ప్రతి ట్రిప్పులో ఒక మనిషి. ఆ ఒక్కర్నీ తీసేస్తే సగటు మూడు పాయింట్ ఒకటి.

ఆమెకు కప్పులు గుర్తొచ్చాయి. తను అన్న మాట అంతకంటే ముందే గుర్తొచ్చింది.

జూన్ మీటింగులో మినిట్స్ సవరించాలని ఆమే లేచి చెప్పింది. సంగతంతా విని ఫార్కర్ చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. ఉత్తరాల వల్ల కూడా మేలు జరిగే ఉంటుందని, ఆ వాక్యం అలాగే ఉంచమని నచ్చజెప్పబోయాడు.

"నా ఉత్తరాలు బస్సెక్కలేదు ఫార్కర్" అంది ఇష్బెల్.

పాత వాక్యం కొట్టేసి కొత్తది రాస్తుంటే ఆమె మనసు తేలికపడింది.

ఆ వారం నుంచి ఊరు బస్సెక్కడం నేర్చుకుంది. శుక్రవారాలు ఇష్బెల్ కారు ఇంట్లో పెట్టి వెళ్తుంది. ఫార్కర్ క్షవరానికి కూడా బస్సులోనే పోతున్నాడు. ఒక్కోరోజు సీట్లు వెతుక్కోవాల్సి వస్తోందని డూగల్ సంబరంగా చెబుతాడు.

హాలు గోడ మీద మిస్ క్రైటన్ పేరుతో చిన్న ఫలకం పెట్టాలని అందరూ అనుకున్నారు. పేరు కింద, ఆవిడ ఒకప్పుడు చేసిన ఉద్యోగం కూడా రాస్తే బాగుంటుందనిపించి, ఇష్బెల్ ఆవిడ అన్నగారి కూతురికి ఉత్తరం రాసింది.

పది రోజులకు జవాబొచ్చింది.

"మా అత్త దక్షిణాన ఒక రవాణా ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు పనిచేసింది. 'ఎక్కేవాళ్ళు చాలడం లేదు, మీ ఊరి బస్సు ఆపేస్తున్నాం' అని పల్లెలకు వెళ్ళే ఉత్తరాల మీద సంతకం పెట్టింది ఆవిడే."