అన్నీ పాస్

“మూడు రకాల సిస్టమ్‌ల మీదా టెస్టులన్నీ పాస్. ఇంకా ఏం అనుమానం తల్లీ నీకు?” అన్నాడు టీమ్ లీడర్. కంప్యూటరుకి ఆదేశాలు అందించే, ఆసుపత్రుల సర్వర్లలో కూడా వాడే వాళ్ల ‘కమాండ్ షెల్’ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ ఇంకో గంటలో విడుదల.

“ఏం లేదు సార్, మీ టెస్టుల ఓర్పు ఎంతో చూద్దామని,” అంది టెస్టర్. ఎవరు రాశారో రుజువు చేసే డిజిటల్ సంతకం లేని ప్రోగ్రాం స్క్రిప్టుల్ని అడ్డుకునే కోడు మొత్తం ఆయన కళ్ల ముందే చెరిపేసి, టెస్టులు మళ్లీ నడిపింది.

అన్నీ పాస్.

“చూశారా! కాపలావాణ్ణి ఇంటికి పంపేసినా అంతా క్షేమమేనట.”

ఆయన మొహం కందగడ్డయింది. “ఆ కాపలాని పరీక్షించే టెస్టు రాసిన మహానుభావుడెవరు?”

ఆ ప్రశ్న కోసమే ఆమె పొద్దున్నుంచీ కాచుక్కూర్చుంది. స్క్రీను ఆయన వైపు తిప్పింది. నాలుగేళ్ల నాటి తేదీ, పక్కనే ఆయన పేరు. కింద, “ప్రస్తుతానికి పాస్ అనిపిద్దాం, తర్వాత సరిగ్గా రాయాలి” అన్న ఆయన మాటే.

ఆయన డైరెక్టరుకి ఫోన్ చేశాడు.

“విడుదల ఆపండి సార్. సెక్యూరిటీ టెస్టు ఉత్తుత్తిది... ఎవరి నిర్వాకమా? నాదే.”

టెస్టర్ నాలుక చివర ఇంకా నాలుగు చురకలు సిద్ధంగా ఉన్నాయి. వాటిని మింగేసి, పక్క కుర్చీ ఆయనకోసం లాగింది.

“కూర్చోండి సార్. ముందు, కాపలా లేనప్పుడు ఫెయిలయ్యే టెస్టు ఒకటి రాద్దాం.”