ఇంట్లో ఉండిపోయిన తొడుగులు

మూడేళ్లుగా నర్సు ఝాన్సీ పలాసలోని తన ఇంట్లోనే కూర్చుని, చేతులకు తొడుగులు వేసుకుని, ఆఫ్రికాలోని ఒక ఆసుపత్రిలో ఉన్న మరచేతులను కదిలిస్తూ పురుళ్లు పోస్తోంది. ఇప్పుడు తనే వెళ్లి సేవ చేస్తానని పెట్టె సర్దుతోంది.

“ఇంట్లో కూకునే చేస్తన్నావు కదే. ఎల్లడమెందుకు?” అంది అత్త పైడమ్మ.

“మొన్నొక పిల్ల నొప్పులు పడతా నా చెయ్యి పట్టుకుని, వెంటనే వదిలేసింది అత్తా. చల్లగా ఉందట. ఆ పిల్లకి మనిషి చెయ్యి కావాలి. నేను ఎల్తాను.”

ఝాన్సీ తొడుగులను అటకెక్కించబోతే పైడమ్మ లాక్కుంది.

“ఇవి నాకుండనీ. ఆదివారం ఆదివారం ఆ మరచేతుల ముందు కూకో, తలకి నూనె రాస్తాను. చల్లగా ఉన్నా ఓర్చుకో.”