గట్టు దాటని మేకలు

మందకూ మందుకూ ఒక్క కొమ్మే తేడా. ఆ కొమ్ము పొడిస్తే మందే మిగలదు. అందుకే పత్తి తీత అయిన చేలోకి మేకల్ని తోలేముందు తోమా రైతును అడిగాడు.

"పురుగుమందు కొట్టలేదుగా, బాపయ్యగారూ?"

"ఒట్టురా! తోలుకో."

పొద్దు గూకింది. రెండు రోజులు పస్తులున్న మేకలు, సినిమా పోస్టర్‌నైనా వదలని మేకలు, గట్టు దగ్గరే నిలబడిపోయాయి. ఒక్కటీ అరవలేదు.

"ఏమే, పెళ్లిపిలుపు కావాలా?" అంటూ తోమా కర్ర ఎత్తాడు.

అప్పుడు చేలోంచి ఆకులు నమిలే చప్పుడు వినిపించింది. వందల నోళ్ల చప్పుడు. బాపయ్య టార్చి వేశాడు. చేలో ఒక్క జీవమూ లేదు. ఒక్క ఆకూ కదలడం లేదు.

"నిరుడు ఈ చేలో మేసి చచ్చిన మందకీ ఇట్టాగే ఒట్టేశారాండీ?"

బాపయ్య టార్చి కిందికి దించాడు. తోమా మేకలన్నీ ముందుకాళ్లు మడిచి, ఆ చప్పుడు వైపు తలలు వంచాయి. తోమా చెయ్యి తనంతట తానే తలగుడ్డ తీసింది.