గ్యాలరీలో మగ్గం

"నేల తవ్వడం కుదరదు పెద్దాయనా! టైల్స్ మొన్నేగా వేయించాం" అన్నాడు రామకాంత్.

చెంచయ్య ఆ తెల్లటి నేలవైపు దిగులుగా చూశాడు. మంగళగిరి మెయిన్ రోడ్డు మీద ఇన్నాళ్లూ ఆడిటర్ ఆఫీసుగా నడిచిన హాలు అది. బీరువాలు, బల్లలు బయటికి పోయాయి. రామకాంత్ భార్య అన్విత దాన్ని సగం డిజైన్ స్టూడియోగా, సగం చీరల గ్యాలరీగా మారుస్తోంది. గ్యాలరీ నడిమధ్యలో చెంచయ్య మగ్గం ఉండాలంది. విప్పిన మగ్గం చెక్కలు గుమ్మం ముందు ఆటోలో ఉన్నాయి.

"గుంట లేకపోతే కాళ్లెక్కడ పెట్టను బాబూ? కాళ్లతో తొక్కితేనే గదా పోగులు విడేది."

"స్టేజీ కట్టి దానిమీద పెడదాం. లైట్లు బాగా పడతాయి."

"అంటే, నెయ్యక్కర్లేదా?"

ఆటో పక్కనుంచి చెంచయ్య భార్య బసవమ్మ గట్టిగా అంది.

"నే చెప్పలా? మనల్ని తెచ్చి బొమ్మల కొలువులో కూర్చోబెడతారని! పదవయ్యా, ఇంటికి పోదాం."

"పోయి ఏం జేస్తావే? షావుకారు నూలివ్వడం మానేశాడు గదా."

చెంచయ్య రామకాంత్ వైపు తిరిగాడు.

"బాబూ, చేతులు ఆడినన్నాళ్లూ నేస్తాను. ఊరికే కూర్చోమంటే మాత్రం నా వల్ల కాదు. చెక్కలు వెనక్కి తీసుకుపోతా."

లోపల్నుంచి అన్విత వచ్చింది. "తవ్వించు రామకాంత్. ఆయన నేస్తుంటేనే జనం వస్తారు. మగ్గం ఆడాల్సిందే."

టైల్స్ పగిలాయి. చెంచయ్య తానే దిగి గుంట లోతు సరిచూసుకున్నాడు. బసవమ్మ గుంట అంచుకి పసుపు రాసి బొట్లు పెట్టింది. కానీ ఆమె బెంగంతా ఇంట్లో తెరిచి వదిలేసిన పాత గుంట మీదే.

"దాన్లోకి చూస్తే గుండె జారిపోతందయ్యా."

"మట్టి పోసేద్దాంలే."

"పోస్తే ఇంక తిరిగి పోలేం గదా."

మర్నాడు తట్టలతో మట్టి మోసి పాత గుంట పూడ్చేశాడు. బసవమ్మ పెరట్లో నిలబడింది గానీ లోపలికి రాలేదు.

గ్యాలరీ తెరిచిన రోజు చెంచయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని మగ్గం మీద కూర్చున్నాడు. అంతకు కొద్దిరోజుల ముందే ఎక్కించిన చీర సగానికి వచ్చింది. పక్కనే బసవమ్మ రాట్నం తిప్పుతూ నూలు కండెలు చుడుతోంది. గుంటూరు నుంచి, విజయవాడ నుంచి జనం వచ్చారు. చుట్టూ మూగి ఫోన్లు ఎత్తారు.

"తాతగారూ, ఒక్కసారి ఆపి ఇటు చూసి నవ్వరా?" అందొక అమ్మాయి.

"నవ్వితే పోగు తెగుద్దమ్మా" అన్నాడు చెంచయ్య. వాళ్లే నవ్వారు.

అందరూ అటు జరిగాక, గుంటూరులో టీచరుగా చేసి రిటైరైన హెలెన్ వంగి, మగ్గం మీది గుడ్డను వేళ్లతో తడిమి చూసింది.

"ఈ చీర నాకిస్తారా? మా మనవరాలు పట్టా పుచ్చుకునే రోజు కట్టుకుంటుంది."

చెంచయ్య మొహం విప్పారింది. "వారం తిరిగేసరికి మగ్గం మీంచి కోసి, మడతపెట్టి ఉంచుతానమ్మా. మీరు రండి చాలు."

ఆమె వెళ్లాక పెళ్లాం వైపు తిరిగాడు. "ఏమే, బొమ్మల కొలువన్నావు?"

"ఏదోలే, అన్నాను. చూపు నేత మీద పెట్టు, అంచు వంకర పోద్ది" అంది బసవమ్మ. అంటూనే నవ్వింది. ఆమె నవ్వి చాలా కాలమైంది.

ఆ పూట చెంచయ్య చెయ్యి ఆగలేదు. టీ ఇస్తే తాగలేదు. పొద్దు వాలి జనమంతా వెళ్లిపోయాక, అన్విత వచ్చి ఆ రోజు నేసిన గుడ్డ మీద మురిపెంగా చెయ్యి వేసింది.

"ఎంత బాగా వచ్చిందో చెంచయ్యగారూ! వచ్చిన వాళ్లంతా మీ మాటే. ఇక ఇంటికెళ్లేముందు ఇవాళ నేసిందంతా విప్పేసి వెళ్లండి. ఈ చీర ఎప్పటికీ సగంలోనే ఉండాలి, మా గ్యాలరీ డిజైనే అది."