ఎడమవైపు తిరగండి

కడుపులో ఉన్న బిడ్డకు బయటి మాటలు వినిపిస్తాయంటారు. అందుకే ఆ నెలల్లో తల్లి దగ్గర దేవుడి పాటలు పాడతారు, మంచి మాటలు చెబుతారు. మరి తిట్లు? అవి లోపలికి వెళ్ళకుండా దేవుడేమైనా అడ్డం పెట్టాడా? ఈ సందేహం నాకు ఏళ్ళుగా ఉంది.

స్కానింగ్ డాక్టరు నోరు మంచిది కాదని ఊళ్ళో అందరికీ తెలుసు. చెయ్యి మాత్రం మంచిది. అందుకే జనం తిట్లు తినడానికి సిద్ధపడే వస్తారు.

ఆ పొద్దున బల్ల మీద పడుకున్నావిడకు నలభై అయిదేళ్ళు. బట్టలు కుట్టి బతుకుతుంది. అయిదో నెల నిండింది. పక్కనే భర్త. ముగ్గుబుట్టలాంటి తల, జేబులో గలగలలాడే తాళంచెవులు. తాళాలు బాగుచేయడం ఆయన పని.

"మీరు బయట ఉండండి," అంది డాక్టరు, ఆయన మొహం కూడా చూడకుండా.

"అలాగే మేడం." తలుపు చప్పుడు కాకుండా మూసుకుని వెళ్ళాడు.

డాక్టరు చల్లటి జెల్ పొట్ట మీద పిండింది. ఆవిడ ఉలిక్కిపడింది.

"ఊళ్ళో ఇంకే డాక్టరూ దొరకలేదా మీకు?"

"డాక్టర్లు బోలెడు మంది. ఇలా తిట్టేవాళ్ళే దొరకలేదు."

కొత్తగా చేరిన నర్సు నవ్వు ఆపుకుంటూ, "పిల్లలెంతమందండీ?" అని అడిగింది.

"ఒక్కతే కూతురు. ఎప్పుడో పెద్దదైపోయింది."

"ఎదిగిన కూతుర్ని పెట్టుకుని, ఈ వయసులో పెళ్ళీ, ఈ కడుపూ!" డాక్టరు స్కానింగ్ మిషన్ తెర మీంచి చూపు తిప్పలేదు. "ఆ పిల్ల నలుగురిలో తలెత్తుకోవాలా, వద్దా?"

"తల దానిది. ఎత్తుకుంటుందో, దించుకుంటుందో దానిష్టం."

 చేరిన వారంలోనే నర్సుకు మేడం కోపం అలవాటైంది. కానీ ఇంత కోపం ఎప్పుడూ చూడలేదు.

మిషన్ లోంచి రక్తం పారే చప్పుడు మొదలైంది. కుడివైపు సాఫీగానే ఉంది. ఎడమవైపుకు జరపగానే ఆ చప్పుడు ప్రతిసారీ మధ్యలో తెగినట్టు, గొంతు పట్టుకున్నట్టు వినిపించింది. డాక్టరు అక్కడే ఆగింది. మళ్ళీ విన్నది. మళ్ళీ.

"గర్భసంచికి రక్తం మోసే నాళాలు ఈపాటికి సడలి వెడల్పవ్వాలి. మీకు ఎడమవైపుది ఇంకా బిగుసుకునే ఉంది. వయసు మీద పడితే అంతే. పాత రబ్బరు గొట్టంలా తయారవుతాయి."

"పాతదైతే మాత్రం నీళ్ళు రావా?"

"వస్తాయి. మొక్కకు చాలవు."

ఆవిడ తల తిప్పి తెర వైపు చూసింది. "బిడ్డ?" అంది.

"ఇవాళ్టికి బాగానే ఉంది. బరువు కాస్త తక్కువ. ఇలాగే ఉంటే ఎదుగుదల ఆగిపోవచ్చు. మీకు బీపీ పెరగొచ్చు. అప్పుడు ఇద్దరికీ గండమే. మూడో నెలలో రాసిచ్చిన చిన్న మాత్ర వేసుకుంటున్నారా?"

"రోజూ వేసుకుంటున్నా."

"అబద్ధం. చెంపలో దాచుకుని, ఎదుటివాళ్ళు అటు తిరగ్గానే ఊసేస్తారు."

ఆవిడ మొహం ఎర్రబడింది. కడుపు చూసే మిషన్‌లో ఇవి కూడా కనిపిస్తాయా అని నర్సు తెర వైపు వంగి చూసింది.

"రాత్రిళ్ళు వెల్లకిలా పడుకుని గురక పెడతారు. ఇకమీదట అలా కుదరదు. ఎడమవైపు తిరగండి. ఆ పొట్ట బరువు పెద్ద రక్తనాళం మీద పడకూడదు."

"నిద్రలో ఎటు తిరుగుతానో నాకేం తెలుస్తుంది?"

"కుట్టుమిషన్ తొక్కడం కూడా ఆపండి. ఇంకా ఎవర్ని ఉద్ధరించాలని?"

నర్సుకు జాలేసింది. "మీ అమ్మాయిని పిలిపించుకోండి. నాలుగు నెలలు దగ్గరుండి చూసుకుంటుంది," అంది మెల్లగా.

"దానికి తీరిక ఉండదమ్మా."

"తీరికకేం, బాగానే ఉంటుంది. మొహం చెల్లక రాదు," అంది డాక్టరు.

ఆవిడ పైకప్పు వైపు చూసింది. కంటి చివర నుంచి నీటిచుక్క జారి చెవిలోకి పోయింది.

"తిట్టుకో," అంది చివరికి. "నీ కడుపు నిండేదాకా తిట్టుకో. నా కడుపులో దాన్ని మాత్రం బతికించు."

 పొట్ట మీది జెల్ డాక్టరు తనే తుడిచింది. నర్సు చెయ్యి చాపినా గుడ్డ ఇవ్వలేదు. తర్వాత లేచి, చేతులు కడుక్కుని బయటికి వెళ్ళింది.

వరండాలో భర్త లేచి నిలబడ్డాడు. "ఎలా ఉంది మేడం?"

"రక్తం చాలట్లేదు. మందు దగ్గరుండి మింగించాలి. పూటపూటా బీపీ చూడాలి. రాత్రి ఎవరో ఒకరు మేలుకుని ఎడమవైపు తిప్పుతూ ఉండాలి."

"నేను చూసుకుంటానండీ."

"మీ వల్ల కాదు."

ఆయన తల దించుకున్నాడు. డాక్టరు మొదటిసారి ఆయన మొహంలోకి సూటిగా చూసింది.

"నా గది ఖాళీ చేసి ఉంచండి, సాయంత్రం వస్తాను, నన్ను చదివించడానికి మా అమ్మ మేలుకున్న రాత్రుల బాకీ కొంచెమైనా తీర్చుకోవాలి."