సగంలో వదిలే పట్టకారు

విమానాల షెడ్డులో వైరింగ్ చూసే మరదలు, వైర్ల కొసలకు తొడుగులు నొక్కి బిగించే క్రింపింగ్ పట్టకారును షెడ్డు ముందే కొట్టు పెట్టిన పనిముట్ల వ్యాపారి ముందు విసిరికొట్టింది.

"తీసుకుపో, బావా!"

"అమ్మిన సరుకు వెనక్కి తీసుకోవడం మా ఇంటావంటా లేదు. ఏం రోగం దానికి?"

"పూర్తిగా నొక్కేదాకా తెరుచుకోకూడదు. ఇది సగంలోనే వదిలేస్తోంది."

"పూర్తిగా నొక్కలేక చేతులు నొప్పంటున్నారని లోపలి పళ్ళు నేనే అరగదీయించాను. మేలు చేసినా ఏడుపేనా?"

ఆమె దానితో బిగించిన వైరును పట్టి లాగింది. కొసనున్న లోహపు తొడుగు ఊడి అతని ఒళ్ళో పడింది.

"గాల్లో ఇలా ఊడితే?"

"పక్క షెడ్డువాళ్ళు ఇలాంటివే నోరెత్తకుండా కొన్నారు! పొద్దున్నుంచీ వాటితోనే విమానం వైర్లు..." అంటూ ఆగిపోయాడు.

పక్క షెడ్డులో విమానం ఇంజన్ మోగింది.

అమ్మిన సరుకు వెనక్కి తీసుకోని ఆ వ్యాపారి "ఆపండి, ఆపండి!" అని అరుస్తూ, చెప్పులు అక్కడే వదిలేసి పరుగెత్తాడు.